గండం గడిచిన రోజు

“నేను చెప్పను డాక్టరుగారూ. నా వల్ల కాదు. కావాలంటే ఉద్యోగంలోంచి తీసెయ్యండి,” అంది సిస్టరమ్మ.

ఇరవై ఆరేళ్ళుగా కాలిన గాయాల వార్డులో పనిచేస్తున్న పెద్ద నర్సు ఆవిడ. ఆవిడ కళ్ళెర్రజేస్తే డాక్టర్లే పక్కకి తప్పుకుంటారు. అలాంటి మనిషి ఇవాళ కేసు షీటు తెచ్చి డాక్టరు ముందు పెట్టేసింది.

“ఆమెకి మీరంటే గురి. నేను చెబితే ఆమె గుండె ఆగిపోతుంది,” అన్నాడు కుర్ర డాక్టరు.

“మీరు చెబితే ఆగే గుండె, నేను చెబితే ఆడుతుందా?”

తప్పు డాక్టరుదీ కాదు, ఆవిడదీ కాదు. కార్ఖానాలో బాయిలరు పేలింది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే ఈడు, ఒకే ఎత్తు. ఒకడు అక్కడే పోయాడు, ఇంకొకడు కొన ఊపిరితో వార్డుకి వచ్చాడు. ముఖాలు గుర్తుపట్టేలా లేవు. కంగారులో మేస్త్రీ వేలు చూపించి వీడు ఫలానా, వాడు ఫలానా అన్నాడు, అదే ఖాయమైపోయింది. పోయినవాడు తన కొడుకే అనుకుని ఒక తల్లి ఆ సాయంత్రమే సమాధి చేసుకుంది. ఇక్కడ ఏడో నంబరు మంచం మీద ఉన్నవాడి గొంతులోంచి ఇవాళ పొద్దున గొట్టం తీశారు. పేరేంటి నాన్నా అని అడిగితే, సమాధి అయిపోయాడనుకున్నవాడి పేరు చెప్పాడు.

వాడి తల్లి అనుకున్న మనిషి బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి ఒక్కగానొక్క కొడుకుని పెంచుకుంది. వార్డులో ఆవిడకి ఓపికమ్మ అని పేరు పెట్టేశారు. పదకొండు రోజుల్లో ఒక్కసారి గొంతు పెంచలేదు, ఒక్కసారి గుండెలు బాదుకోలేదు. లోపలికి రానిచ్చినప్పుడు వచ్చి, కట్లు లేని పాదాల మీద చెయ్యి వేసి, “ప్రభువా, ఈ బిడ్డని నిలబెట్టు తండ్రీ” అని వెళ్ళి మళ్ళీ ఆ బల్ల మీదే కూర్చునేది. రోజూ అడిగేది ఒకటే మాట, గండం గడిచిందా అని. రోజూ వీళ్ళు చెప్పేదీ ఒకటే మాట, ఇంకా చెప్పలేం అని. సంఘంవాళ్ళు వచ్చి “నీ విశ్వాసమే వాణ్ణి లేపుతుందమ్మా” అంటే తలూపేది. “ఈ ఓర్పులో చిటికెడు మా కోడలికి అంటించినా నా ఇల్లు బాగుపడును” అనేది ఆయా.

సిస్టరమ్మకి మాత్రం ఆ ఓర్పు చూస్తే జాలేసేది. తానూ ఆదివారం చర్చికి వెళ్ళే మనిషే. నీ ఇంట్లో ఇంత జరిగితే నువ్విలా కూర్చోగలవా అని తనని తాను ప్రశ్నించుకునేది. ఇప్పుడు తన నోటితోనే ఆ విశ్వాసాన్ని మొదలంటా నరకాలి. విన్నాక ఆవిడ దేవుణ్ణి తిట్టినా సరే, తాను మాత్రం అడ్డు చెప్పకూడదనుకుంది.

వెళ్ళి పక్కన కూర్చుంది. “తిన్నారా?”

“తిన్నాను సిస్టరమ్మా. గొట్టం తీశారట కదా? ఆయా చెప్పింది.”

“తీశాం.”

“సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడా?”

“తీసుకుంటున్నాడు.”

“గండం గడిచినట్టేనా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పొద్దు. నిజం చెప్పండి.”

“గడిచింది. ఇక ప్రాణానికి ఢోకా లేదని డాక్టరుగారే అన్నారు. కానీ అమ్మా...”

ఓపికమ్మ కళ్ళు మూసుకుంది. “స్తోత్రం తండ్రీ,” అంది.

ఆ స్తోత్రం వినేసరికి సిస్టరమ్మ తల తిప్పుకుంది. అయ్యో, ఏ నోటితో చెప్పేది! దాస్తే మాత్రం ఎన్నాళ్ళు దాగుతుంది?

“అమ్మా, పొరపాటు జరిగింది. చాలా పెద్ద పొరపాటు. లోపల ఉన్న అబ్బాయి...”

“మావాడు కాదు,” అంది ఓపికమ్మ.

సిస్టరమ్మ గిరుక్కున ఆవిడ వైపు తిరిగింది. “మీకెవరు చెప్పారు?”

“ఒకళ్ళు చెప్పాలా? నన్ను లోపలికి రానిచ్చిన మొదటిరోజే పాదాలు తుడవమన్నారు కదా మీరు. చిన్నప్పట్నుంచీ నేను కడిగిన పాదాలు నాకు తెలియవా?” అంటుండగానే, ఇన్నాళ్ళూ రాని ఏడుపు పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. “నా బిడ్డ లేడని నాకు ఆరోజే తెలుసు సిస్టరమ్మా.”

జాలితో వచ్చిన సిస్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మర్యాద కూడా మరిచిపోయింది. “తెలిసి కూడా నోరు మెదపలేదా? అవతల ఆ తల్లి బతికున్న కొడుకు కోసం కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది! పొద్దున లేస్తే ప్రార్థన చేసేదానివి, నీకు మనసెలా ఒప్పింది?”

ఓపికమ్మ ముఖం తుడుచుకుంది. “ఇప్పుడు పిలవండమ్మా ఆవిణ్ణి. పరుగెత్తుకు రమ్మనండి. మావాణ్ణి ఎక్కడ పెట్టిందో కూడా ఆవిణ్ణే అడగాలి నేను.”

“ఆరోజే ఎందుకు పిలవలేదనే అడుగుతున్నాను!”

“ఆరోజు ఈ బిడ్డ తెల్లారేదాకా ఉండడన్నారు కదమ్మా మీరు. ఆ తర్వాత రోజూ ఇంకా చెప్పలేం అన్నారు. ఒకసారి పాతిపెట్టి ఇంటికెళ్ళిన తల్లిని, మళ్ళీ పాతిపెట్టుకుందువు రమ్మని ఎలా పిలవను?”