రాతిలో అమ్మ ముఖం

యుద్ధంలో వడిసెల రాళ్ళతో డ్రోన్లను కూల్చి చనిపోయిన మా ఊరి ఆడవాళ్ళ ముఖాలను గుట్ట రాతిలో చెక్కారు. మా అత్త రాజవ్వకు తల్లి ముఖం మిగిలింది అక్కడొక్కచోటే. ఏటా వర్ధంతినాడు మెట్లెక్కి ఆ నుదుట కుంకుమ పెడుతుంది.

ఈ ఏడాది సర్కారువాళ్ళు ఊరూరా అన్ని విగ్రహాలలాగే దీన్నీ మార్చారు. ఎదుట ఎవరు నిలబడితే రాయి వాళ్ళ ముఖమవుతుంది.

అత్త చెయ్యి చాచింది. రాతిలో అత్త ముఖమే, ముడతలతో సహా.

"మా అమ్మేది?"

"ఎవరూ లేనప్పుడు వస్తదట అత్తమ్మా."

"మరెవలు చూడాలె? పిట్టలా?"

మామయ్య పోయినప్పటినుంచి అత్త బొట్టు పెట్టుకోదు. చెయ్యి ఆగిపోయింది.

"నా నొసట నేనెట్ల పెట్టుకుందు? నువ్వు పెట్టు బిడ్డా, మా అమ్మకు."

అత్తను పక్కకు జరిపి, కుంకుమ తీసుకుని ముందుకు వెళ్ళాను. వేలు తాకేసరికి రాయి నా ముఖమైంది.