డబ్బా నిండా బియ్యం

“డబ్బా నిండా బియ్యం ఉన్నాయా? అలా రాశావా నువ్వు?”

విక్రాంత్ అరుపుకి ఖాళీ హాల్లో ముందు వరుసలో కూర్చున్న లిండా ఉలిక్కిపడింది. తెర మీద బొమ్మ ఆగిపోయి ఉంది. ఆ బొమ్మలో లిండా వాళ్లమ్మ ఏసుకుమారి బియ్యం డబ్బా మూత తీసి లోపలికి చూస్తోంది. ఇద్దరు చిన్న పిల్లలు ఆమె చీర పట్టుకుని నిలబడ్డారు. కింద లిండా రాసిన జర్మన్ సబ్‌టైటిల్.

“ఆంటీ ఏమన్నారు ఇక్కడ? బియ్యం నిండుకున్నాయి అన్నారు. విన్నావా?”

“విన్నాను అన్నయ్యా. నిండు అంటే నిండుగా ఉండటమే కదా? అదే రాశాను.”

“నిండుకున్నాయంటే అయిపోయాయని, తల్లీ! ఒక్క గింజ లేదని!”

లిండా ఒక కుర్చీ అవతల కూర్చున్న తల్లి వైపు తిరిగింది. “నిజమా మమ్మీ?”

“నిజమేనే. తిండిగింజలు లేవని నోటితో అనకూడదు. అందుకని నిండుకున్నాయంటాం.”

“లేకపోతే ఉన్నాయంటారా? మరి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“ఈ దేశం వచ్చాక ఆ మాట అనాల్సిన పని నాకెప్పుడు పడిందే?” అంది ఏసుకుమారి.

బెర్లిన్‌లో ఏడాదికోసారి జరిగే ప్రపంచ సినిమాల పండుగ అది. కరోనా మూలంగా ఒక కుర్చీ విడిచి ఒక కుర్చీకి ఎర్ర రిబ్బను కట్టారు. ఇల్మెనౌ అనే ఊళ్లో ఇంజనీరింగ్ చదివే విక్రాంత్ లాక్‌డౌన్ మీద తీసిన పన్నెండు నిమిషాల తెలుగు సినిమా మధ్యాహ్నం మూడింటికి వేస్తారు. పొద్దున ఒకసారి వేసి చూసుకోమంటే ఈ తప్పు బయటపడింది.

మెషీన్ గదిలో ఉన్నాయన తల అడ్డంగా ఊపాడు. ఫైలు మార్చడానికి టైము లేదన్నాడు.

“అయిపోయింది. ఆవిడేమో ఖాళీ డబ్బాలోకి చూస్తుంటుంది, కిందేమో డబ్బా నిండా బియ్యం! హాలంతా పడీపడీ నవ్వుతుంది,” అన్నాడు విక్రాంత్. “స్టేజి మీదకి నిన్ను పిలవను లిండా. నీ పేరు కూడా ఎత్తను.”

“అన్నయ్యా, పిలుస్తానని మాట ఇచ్చావు. స్టేజి ఎక్కినవాళ్లకే సర్టిఫికెట్ ఇస్తారట. ఫిల్మ్ స్కూల్ అప్లికేషన్‌లో పెట్టడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.”

“ఈ తప్పుకి సర్టిఫికెట్ కూడానా?”

“పిల్ల నెలరోజులు కూర్చుని ఊరికే రాసిపెట్టింది బాబూ,” అంది ఏసుకుమారి. విక్రాంత్ వినిపించుకోలేదు.

మూడింటికి హాలు సగం నిండింది. అందరికీ మాస్కులు. డబ్బా మూత తీసే చోటు రాగానే విక్రాంత్ తెర వైపు చూడటం మానేసి జనం వైపు చూశాడు. మూతుల మీద గుడ్డలుంటే నవ్వేదీ ఏడ్చేదీ ఏం తెలుస్తుంది? హాలు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. నాలుగో వరుసలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ వెనక ఇంకెవరో ముక్కు చీదారు.

సినిమా అయిపోయి దీపాలు వెలిగాయి. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

విక్రాంత్ ఒక్కడే స్టేజి ఎక్కాడు. ప్లాస్టిక్ కవరు తొడిగిన మైకు చేతికిచ్చారు. మొదట లేచిన కుర్రది ఇంగ్లీషులో అంది: “డబ్బా ఖాళీ అని మాకు కనిపిస్తూనే ఉంది. పిల్లలు భయపడతారని ఆ తల్లి నిండా ఉన్నాయని అబద్ధం చెప్పింది. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపు ఆగలేదు.”

చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. అవి ఆగేసరికి విక్రాంత్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

“థాంక్యూ,” అన్నాడు. “సినిమాకి ప్రాణం ఆ మాటే.”

ఏసుకుమారి లేవబోయింది. లిండా తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. “వద్దు మమ్మీ. సినిమా అన్నయ్యది.”

“మాట నీది కదే!”

“కూర్చో మమ్మీ, ప్లీజ్.”

జ్యూరీ వాళ్ల బల్ల దగ్గర నుంచి తెల్లజుట్టు జర్మన్ పెద్దావిడ ఒకామె చెయ్యెత్తింది. జ్యూరీకి పెద్ద ఆమే. ఆమె జర్మన్‌లో అడుగుతుంటే పక్కనున్నామె ఇంగ్లీషులో చెప్పింది.

“ఆ మాట మీరే రాశారా?”

“నేనే మేడమ్. చాలా రోజులు ఆలోచించి రాశాను.”

“తల్లి నోటితో అన్నదీ, కింద అక్షరాల్లో వచ్చిందీ ఒకటేనా?”

విక్రాంత్ లిండా వైపు చూడకుండా, “ఒకటే మేడమ్. అక్షరం తేడా లేదు,” అన్నాడు.

పెద్దావిడ చేతికర్ర ఆనించుకుని మెల్లగా లేచి స్టేజి దాకా నడిచి వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. పక్కనున్నామె ఇంగ్లీషులో చెప్పడానికి సిద్ధమవుతుంటే అక్కర్లేదని చేత్తో వారించి, విక్రాంత్ మొహంలోకి చూస్తూ అంది:

“నేను ఇరవయ్యేళ్లున్న మా గూడూరులో బియ్యం నిండుకున్నాయంటే అయిపోయాయనే గదబ్బయా! ముందు ఆ పొరపాటు చేసినోళ్లని పైకి పిలువు.”