తలుపు బయట ఉండిపోయినవాడు

“కెప్టెన్‌ని చంపకండి సార్,” అన్నాడు వచ్చినాయన, గుమ్మంలోనే నిలబడి.

రచయితకి చిర్రెత్తుకొచ్చింది. వారపత్రికలో ఆయన రాస్తున్న అంతరిక్ష యుద్ధం సీరియల్ ఆఖరి భాగం సాయంత్రానికల్లా ప్రెస్సుకి వెళ్ళాలి. కిందటి వారం శత్రువులు మీద పడుతుంటే కెప్టెన్, కాలు తెగిన కుర్ర సైనికుణ్ణి గాలి లేని గ్రహం మీదే వదిలేసి నౌక తలుపు మూసేశాడు. ఈ వారం ఆ పాపం మోయలేక తనని తాను కాల్చుకుంటాడు. ఆ ముగింపు తలుచుకుని రచయిత పొద్దుటినుంచీ మురిసిపోతున్నాడు.

“కథండీ అది. చస్తే ఏం?”

“మా ఇంట్లో ఒకాయన చస్తాడు.” వచ్చినాయన గుమ్మం పట్టుకున్నాడు. “పటాలంలో కెప్టెన్‌గా చేశాడు. ఇలాగే ఓ కుర్రాణ్ణి వదిలేసి వచ్చాడు. వారం వారం మీ సీరియల్ చదివి, ‘నేనేం చెయ్యాలో ఇతనే చెబుతాడు’ అంటున్నాడు. ఇంట్లో కత్తులన్నీ దాచేశాను. పత్రిక దాస్తే అన్నం మానేశాడు.”

తన గోడునే ఇంకొకరి మీద పెట్టి చెప్పుకుంటున్నాడు పాపం అనుకున్నాడు రచయిత. మనసు కరిగిపోయింది.

“లోపలికి రండి. కెప్టెన్‌ని బతికిస్తాను. సరేనా?”

“చాలదు సార్. ఆ కుర్రాడు తిరిగి రావాలి.”

“అదెలా కుదురుతుందండీ? కాలు లేదు, గాలి లేదు, చుట్టూ శత్రువులు. బతికొచ్చాడంటే పాఠకులు నా మొహాన ఉమ్మేస్తారు.”

“మీ కథల్లో సైనికులు చావడానికే పుడతారు. ఏ గ్రహానికి పంపినా అంతే. బతికి ఇంటికొచ్చేవాణ్ణి ఒక్కణ్ణీ రాయరేం?”

ఫోన్ మోగింది. ఎడిటరే అయ్యుంటాడని రచయిత ఎత్తలేదు. కాగితాలు ముందుకు లాక్కున్నాడు, కలం తీశాడు, మళ్ళీ పక్కన పెట్టేశాడు.

“రాయాలనే ఉంది. కానీ ఎలా బతికాడని రాయను? నాకేమీ తోచడం లేదు.”

వచ్చినాయన కుర్చీలో కూలబడి, ప్యాంటు మోకాలి దాకా పైకి లాగాడు. కింద ఉన్నది కొయ్యకాలు.

“నేను చెబుతాను, రాసుకోండి. రోజూ ఆయనకి ముద్దలు కలిపి పెడుతూ ‘ఆ కుర్రాణ్ణి నేనే సార్’ అని మొత్తుకుంటున్నా నమ్మడం లేదు. అచ్చులో చూస్తే నమ్ముతాడు.”