బతికినవారి జాబితా

మునిగిన ఓడల చరిత్రను గ్రంథస్థం చేస్తున్న శోభారాణి కాకినాడ నుండి కేసముద్రానికి వచ్చి, వృద్ధురాలైన గట్టమ్మ ఎదుట, ఒక ఓడ మునిగినప్పుడు బతికి బయటపడినవారి పాత జాబితాను సంకోచంతో విప్పింది.

"మామ్మగారూ, మీ అమ్మగారి మొదటి భర్త ఎల్లయ్యగారు ఆ ఓడతో మునగలేదండీ. ఈది ఒడ్డుకు చేరారు. అంటే ఆయన బతికుండగానే ఆవిడ మీ నాన్న వీరయ్యగారిని చేసుకున్నారు. ఇది అచ్చయితే ఆవిడకు అపవాదు. మీరు వద్దంటే ఈ పేరు కొట్టేస్తాను."

గట్టమ్మ ఆ కాగితాన్ని లాక్కున్నది.

"కొట్టెయ్యకు బిడ్డా. ఎల్లయ్య ఇల్లు చేరేసరికి ఆయన దినాలు సుత చేసిన్రు. దినాలైనోడు గడప తొక్కొద్దని, పసిపిల్లగాని లెక్క తొట్టెలేసి, వీరయ్య అని కొత్త పేరు పెట్టిన్రు. మల్ల పుస్తె కట్టిచ్చిన్రు. నన్ను కన్న అవ్వకు పెండ్లిళ్లు రెండు, మొగడు ఒక్కడే."