చెవిన పడే చదువు

ఇంటర్వ్యూకి ముందు కోదండం చేయాల్సినవి చాలా ఉన్నాయి. నాయన తెల్లచొక్కా అడిగి ఇస్త్రీ చేయించుకోవాలి. నగరిలో తిరుపతి పోయే మొదటి బస్సు పట్టుకోవాలి. సర్టిఫికెట్లు చెమటకు తడవకుండా చూసుకోవాలి. పెద్దవాళ్ల ముందు 'ఉండాది' అనకుండా నోరు అదుపులో పెట్టుకోవాలి. అన్నీ చేశాడు. తీరా లోపలికి పోయి కూర్చుంటే మొదటి మాటే ఎదురుదెబ్బ.

"ఆఫ్రికా తత్వమా? రాతే లేనోళ్లకు తత్వం యాడిదప్పా?" అన్నారు తత్వశాస్త్ర శాఖ పెద్ద యతిరాజులు గారు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడాది అది. పరిశోధనకు ఉన్నది ఒకే సీటు. దక్కితే చదువు, దక్కకుంటే నగరిలో పవర్‌లూమ్ షెడ్డు. బయట బెంచీ మీద శఠగోపం కూడా కూర్చుని ఉన్నాడు. యతిరాజులు గారి మాదిరే గుడి కైంకర్యం చేసే ఇంటివాడు. ఏ అంశం తీసుకుంటావంటే, మీరేది చెప్తే అది సార్ అనడానికి వచ్చినవాడు.

కోదండం అట్లా కాదు. ఎంఏ చదివినన్నాళ్లూ లైబ్రరీ మూసేదాకా కదలనివాడు. తడబడకుండా చెప్పుకొచ్చాడు. పడమటి వాళ్లు మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి నువ్వెవరని అడుగుతారనీ, ఆఫ్రికాలో చాలాచోట్ల పెద్దలు నలుగురిలో నిలబెట్టి నువ్వు ఎవరికి ఏమవుతావని అడుగుతారనీ, ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి చూడటమే తన పని అనీ.

"వినేదానికి బాగుండాది. అయినా అవన్నీ ముసలోళ్లు చెప్పే కతలే గదా. గ్రంథం యాడ?"

కోదండం కుర్చీలో ముందుకు జరిగాడు. "సార్, తమరు గుళ్లో గోష్ఠిలో పాశురాలు చెప్తారు. పుస్తకం చూసి నేర్చినారా?"

"ఛ. మా నాయన నోట విని నేర్చినా. పుస్తకం ముట్టుకుంటే వీపు పగిలేది."

"వాళ్లదీ అంతే సార్. చెవిన పడే చదువు."

పక్కన కూర్చున్న లెక్చరర్ రాజారత్నం ముసిముసిగా నవ్వి, దొరికిపోయినారు సార్ అన్నాడు. యతిరాజులు గారికి కోపం రాలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్లలో తనకిది తట్టనే లేదని ఒప్పుకున్నారు. అంశం చాలా గొప్పదంటూ కాగితం మీద 'ఆమోదం' అని రాసి సంతకం పెట్టారు. కోదండానికి కాళ్లు నేల మీద ఆనలేదు. సాయంత్రం బస్సు దిగి నాయనకు ఏమని చెప్పాలో అప్పుడే మనసులో మాటలు కూర్చుకుంటున్నాడు.

"నువ్వన్నదే నిజమప్పా," అన్నారు యతిరాజులు గారు, ఎంతో ప్రేమగా. "ఇది పుస్తకాలు చదివితే పట్టుబడేది కాదు. తాత నోటి నుంచి మనవడి చెవికి, వంశంలో రావాల. మగ్గాలింట్లో పుట్టినోడివి, ఆ రొదలో నీ చెవిన ఏం పడింటుంది? పొయ్యి శఠగోపాన్ని పిలువు. ఈ అంశం వానికిస్తాం."

ఆఫ్రికా తత్వం మీద డాక్టర్ శఠగోపం గారి ఉపన్యాసం ఎప్పుడైనా విన్నారంటే, ఆ రోజు తలుపు తీసి ఆయన్ను లోపలికి పిలిచినవాణ్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.