బంద్‌లో బరాత్

"బాసింగం కట్టుకో, రుచితా! పెండ్లి బండినైతే ఆపరట," అన్నాడు సదానందం. సూరత్ స్టేషన్ బయట బంద్ గొడవ.

"పెండ్లయి ఇరవై రోజులాయె!" నవ్వుతూనే సంచిలోంచి బాసింగాలు తీసింది రుచిత.

దారిలో గుంపు వాళ్ల ఆటోను ఆపింది. బాసింగాలు చూడగానే ముర్దాబాద్ మాని, పెళ్లికొడుక్కి జిందాబాద్ కొట్టి చిందేసింది.

వాళ్లలో ఒక తెలుగాయన మాత్రం అడిగాడు: "పిల్లగాడు నవ్వడేంది? దొంగ పెండ్లా?"

రుచిత సదానందం వైపు చూసింది. అసలు పెళ్లిలోనూ అతను నవ్వలేదు. ఇష్టం లేదంటాడేమోనని ఆమె అడగనేలేదు.

"భయమన్నా," అన్నాడు సదానందం. "గింత మంచి పిల్ల నాకెట్ల దొరికిందని పీటల మీద సుత గిట్లనే వణికిన."

గుంపు పక్కకు జరిగి దారిచ్చింది.

"డ్రైవరన్నా, జర మెల్లగ పోనీ," అంది రుచిత.