దుర్గయ్య డౌట్లు

"మేడమ్, చంక కాడ బట్ట ఎంత ఇడువాలె? జర మల్ల చెప్పు."

ఆన్‌లైన్ రైకల కుట్టు క్లాసులో మళ్లీ ఆ ముసలి గొంతే.

జనగామలో తన ఫోన్ ముందు కత్తెర పట్టుకుని నిలబడ్డ శ్రీలత పళ్లు కొరికింది. కోర్సులో అందరూ ఆడవాళ్లే. మగవాడు ఒక్కడే, ఘనపూర్ దుర్గయ్య.

"ఇప్పుడే గద తాతా చెప్పింది!"

"ఏం జెయ్యాలె బిడ్డా, చిన్నప్పుడు నా చెవిల పిట్ట గూడు పెట్టింది. సగం మాటలు అదే తింటది."

అందరూ కిసకిసా నవ్వారు.

"ఎవలికి కుడతవే తాతా రైక?" అంది నెల్లికుదురు స్వప్న.

"మా పోశమ్మకు. పెండ్లినాటి రైకనే ఇంకా తొడుగుతాంది పాపం!"

రోజూ ఇదే వరస. పాఠం ముందుకు సాగదు. శ్రీలత ఉద్యోగం వదులుకుని పెట్టిన కోర్సు ఇది. ఈ ఆడవాళ్లు రైకలు కుట్టి చూపిస్తేనే ఇంకో బ్యాచ్ చేరేది.

ఒకనాడు విసిగిపోయి దుర్గయ్యను గ్రూపులోంచి తీసేసింది.

మర్నాటి నుంచి క్లాసు ప్రశాంతం.

"అర్థమైందా?"

"అయింది మేడమ్."

ఎవరికీ డౌట్లు లేవంటే పాఠం అంత బాగుందన్నమాట అని శ్రీలత మురిసిపోయింది.

చివర్లో, కుట్టిన రైకల ఫొటోలు పెట్టమంది. వచ్చినవి రెండో మూడో. ఒకదానికి చేతులు తిరగబడ్డాయి. ఇంకోదాని చంకలో తల దూరుతుంది. మిగతావాళ్లు చప్పుడు లేకుండా గ్రూపు వదిలిపోయారు.

తాత ఉన్నన్నాళ్లూ అందరికీ కుట్టు సరిగ్గానే వచ్చింది కదా!

శ్రీలత ఘనపూర్‌కు ఫోన్ చేసింది. పోశమ్మ ఎత్తింది.

"అవ్వా, తాతను మల్ల క్లాసుకు రమ్మను. ఎన్నిసార్లన్న అడగనీ."

"ఇంకెక్కడి తాత బిడ్డా... పోయిన ఐతారం దవాఖానల పానం ఇడిసిండు."



"నీ రైక... కుట్టిండా అవ్వా?"

"రైకనా? మా ఇంట్ల మిషనే లేదు."

"మరి క్లాసుకు ఎందుకొచ్చెటోడు?"

"నేర్సినంక మిషన్ కొందమని మా మనుమరాలు రాజీ చేరింది మీ కోర్సుల. మొదటి దినం ఒక్క మాట అడిగితె అందరు నవ్విన్రని ఏడ్సి ఇడిసిపెట్టింది. గప్పటిసంది ఆ ఫోన్ పట్టుకొని ఈయన కూసున్నడు. గ్రూపుల ఆడివిల్లలందరికి ఫోన్ జేసి, 'అడగ సిగ్గయితే నాకు చెప్పుర్రి, నవ్వితే ముసలోన్ని జూసి నవ్వుతరు' అన్నడు. నువ్వు రోజు యిన్న డౌట్లల్ల ఒక్కటి గూడ ఆయనది గాదు బిడ్డా."